తెరుచుకోని కాయిల్

"తెరువు చూద్దాం," అంటూ షావ్ మేనేజరు వేలి కణుపంత ఉక్కు గొట్టాన్ని లియావ్ షియుమెయ్ బల్ల మీద టక్కున పెట్టాడు. "ఈ-సిగరెట్ కాయిళ్ళు విప్పి బాగుచేయడంలో షాజింగ్ బజారు మొత్తానికి నువ్వే దిట్టవట. ఇది మా కంపెనీ కొత్త కాయిల్. దీని మూత తెరవడం ఎవరివల్లా కాదు."

షియుమెయ్ తలెత్తలేదు. సిగరెట్‌లోని ద్రవాన్ని కాచి పొగ చేసే పాత కాయిల్ ఒకటి చేతిలో ఉంది, దాని పని ఇంకా మిగిలింది. మాడిన దూదిని పట్టకారుతో లాగేసింది. గొట్టాన్ని స్పిరిట్‌లో కడిగింది. తీగచుట్టను ఎర్రగా కాల్చి మసి రాల్చింది, వంకరపోయిన చుట్లను సూదిమొనతో సర్దింది. కొత్త దూదిని వత్తిలా పేని, మరీ బిగువూ మరీ వదులూ కాకుండా దూర్చి, అడుగున బిరడాలా మూసే చిన్న మొల నొక్కేసింది. చెత్తబుట్టలోకి పోవలసిన సరుకు మళ్ళీ అమ్మకానికి తగినదయింది.

మేనేజరు వెనక నిలబడ్డ ఇంజనీరు ఫాన్ ఆ వేళ్ళ వంకే కళ్ళప్పగించి చూస్తున్నాడు.

"తెరిస్తే నాకేంటి?" అడిగింది షియుమెయ్.

"నీ సంగతి తర్వాత. ముందు వీడి ఉద్యోగం పోతుంది," మేనేజరు ఫాన్‌ను చూపించాడు. "ఈ మూత చేసింది వీడే. నువ్వు తెరిచావనుకో, సోమవారం నుంచి వీడి కుర్చీ ఖాళీ. గొట్టాన్ని లేజర్‌తో అతికించేస్తాం. ఖర్చు ఎక్కువే. కానీ తర్వాత దాన్ని దేవుడు దిగొచ్చినా విప్పలేడు. తెరవలేకపోయావా, ఈ మూతే ఖాయం."

"లేజర్ పెడితే నా బతుకో?"

"పాతది పోతే జనం కొత్తది కొనుక్కుంటారు. మేం బతకొద్దా తల్లీ?"

పక్క బల్ల మీద ఫోన్ల అద్దాలు మార్చే పెంగ్ మెడ సాచాడు. "షియుమెయ్ ముందు మూతల మాటా! టీ చల్లారేలోపు తెరిచేస్తుంది సార్. కావాలంటే పందెం!"

నలుగురూ మూగారు. షియుమెయ్ కాయిల్‌ను చేతిలోకి తీసుకుని మూత అంచున బొటనవేలి గోరు ఆనించింది. వెంట్రుకవాసి కదలిక తగిలింది. విప్పాలనుకునే వాడెవడైనా ఎడమకే తిప్పుతాడు. ఇది కుడికి పావు చుట్టు తిరుగుతుంది, అంతే, మొల దానంతటదే పైకొస్తుంది. గాడి ఎంత నున్నగా కోశాడు! మనసులోనే మెచ్చుకుంది.

తెరవడానికి అర నిమిషం చాలు. కానీ వేళ్ళు ఆగిపోయాయి, బుర్ర లెక్కలోకి దిగింది. తెరిస్తే ఇవాళ చప్పట్లు, సోమవారం నుంచి లేజర్, ఏడాది తిరిగేసరికి ఈ బల్ల మీద ఇంకెవరో ఫోన్ కవర్లు అమ్ముకుంటారు. తెరవకపోతే పోయేది పేరొక్కటే. అయితే ఆ పేరు పదకొండేళ్ళ పంట, అదేమీ చౌక సరుకు కాదు. అటూ ఇటూ తూచి చూసుకుంది. పేరు మళ్ళీ సంపాదించుకోవచ్చు. బల్ల పోతే మాత్రం తిరిగి రాదు.

పట్టకారు తీసి ఎడమకి తిప్పింది. జారింది. ఇంకోటి తీసి ఇంకా బలంగా తిప్పింది, గొట్టం మీద గీతలు పడ్డాయి. అంచు చుట్టూ సూదితో పొడిచింది, చిన్న సుత్తితో తట్టింది. నుదుట చెమట పట్టింది. అందులో సగం నిజమైనదే. అరచేతిలో ఉన్న పనిని చేతగానట్టు చేసి చూపించడం ఇంత కష్టమని ఆమెకు ఇంతకుముందు తెలియదు.

"ఏంటి షియుమెయ్, చేతికి చత్వారం వచ్చిందా?" పెంగ్ గొంతులో వేళాకోళం కంటే దిగులే ఎక్కువ వినిపించింది.

"నోరు మూసుకుని నీ అద్దాలు చూసుకో," అంది. చివరికి కాయిల్‌ను బల్ల మీద పడేసింది. "నావల్ల కాదు. ఈ మూత చేసినవాడికి దండం."

మేనేజరు పకపకా నవ్వి, గీతలు పడ్డ కాయిల్‌తో పాటు ఆమె మొహాన్ని కూడా ఫోటో తీసుకున్నాడు. ఫాన్ వీపు మీద చరిచాడు. "బతికిపోయావు పో! సోమవారం నుంచే తయారీ మొదలు." కాయిల్ తీసుకోవడానికి చెయ్యి చాచాడు.

"నలిగిపోయింది కద సార్, ఇంకెందుకది? ఇక్కడే పారేద్దాం," అన్నాడు ఫాన్ నెమ్మదిగా.

ఇద్దరూ వెళ్ళిపోయారు. మూగినవాళ్ళు ఆవిడ మొహం చూడకుండా తప్పుకున్నారు. పెంగ్ మాత్రం చల్లారిన టీ పారబోసి, వేడిది తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "పోనీలే. పెద్ద కంపెనీ, పెద్ద చదువులు. మనమెంత?"

షియుమెయ్ టీ ఒక గుక్క తాగింది. సందు చివర మేనేజరు కారు మలుపు తిరిగేదాకా ఆగింది. తర్వాత కాయిల్ తీసుకుని కుడికి పావు చుట్టు తిప్పింది. మొల టిక్కున లేచింది.

పెంగ్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడింది. "అమ్మ నీ! అంతా నాటకమా? నాకు కూడా చెప్పలేదే!"

"నీకు చెబితే బజారుకంతా చెప్పినట్టే కదా. ఆ కుర్రాడు పనిమంతుడే, కుడికి తిప్పి చూసేవాళ్ళూ ఉంటారన్న లెక్క మాత్రం తెలియదు," అంటూ వత్తిని లాగింది. వచ్చింది దూది కాదు, సన్నగా చుట్టిన కాగితం.

విప్పి చదివింది: "ఓడిపోయినందుకు థాంక్స్ అక్కా. మూత సులువుగానే వస్తోందా, ఇంకాస్త వదులు చెయ్యమంటారా?"