ఇద్దరు కోడళ్ళు, ఒకే శైలి

పెద్దకోడలు పుస్తకంలో మరో పేజీ తిప్పింది. ఎదురుగా ఎర్రకలం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఎర్రకలం అంటే ఆ ప్రచురణ సంస్థలో అచ్చుకు వెళ్ళే ప్రతి ముక్కనూ దిద్దే పెద్దమనిషి. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. సంస్థకి రెండు పత్రికలు. ఆరోగ్య పత్రిక పెద్దకోడలిది, తోటపని పత్రిక చిన్నకోడలిది. పెద్దామె పత్రికలో మాత్రలు ‘సేవింపవలెను’. చిన్నామె పత్రికలో మొక్కకి ‘కాసిని నీళ్ళు పోసెయ్యండి, ఏం చచ్చిపోదు’. రెండూ ఒకే ఆఫీసు నుంచి వస్తున్నాయంటే పాఠకులు నమ్మడం మానేశారు.

విసిగిపోయి, సంస్థ యజమాని అయిన వాళ్ళ మామగారు ఎర్రకలాన్ని పిలిచారు. రెండు పత్రికలకీ ఒకటే శైలి ఉండాలనీ, ఆ నియమాల పుస్తకం మీద శనివారంలోగా కోడళ్ళిద్దరి సంతకాలూ పడకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదనీ చెప్పేశారు. ఉద్యోగం ఊడితే బావమరిది కొట్లో పొట్లాలు కట్టాలి. ఆ బావమరిది పెళ్ళినాటి నుంచీ ఆ రోజు కోసమే కాచుక్కూర్చున్నాడు.

కోడళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. కామా దగ్గర మొదలైన గొడవ కాపురాల దాకా వెళ్ళేది. ఇద్దరి గదుల మధ్య తిరిగి తిరిగి చెప్పులరిగాక ఎర్రకలానికి పాడుబుద్ధి పుట్టింది. ఒకేలాంటి అట్టలతో రెండు పుస్తకాలు కుట్టించాడు. ఒకదాంట్లో అన్నీ పెద్దామె నియమాలు, రెండోదాంట్లో అన్నీ చిన్నామెవి. సంతకాలు పడ్డాక ఆ సంతకాల కాగితాలు రెండూ విప్పి, కలిపి ఏదో ఒక పుస్తకానికి కుట్టెయ్యొచ్చు. శైలి సంగతి దేవుడెరుగు, ఉద్యోగం నిలబడుతుంది.

“మా చెల్లి పైత్యం ఎక్కడైనా దూరిందేమోనని చూస్తున్నా,” అంది పెద్దకోడలు, కళ్ళజోడు సర్దుకుంటూ.

“దూరనిస్తానా మేడమ్.”

ఆమె చివరిదాకా చదివి తృప్తిగా నిట్టూర్చింది. “ఇదండీ శైలంటే. ప్రతి పేజీలోనూ నేనే కనిపిస్తున్నాను.”

సంతకం పెట్టి, ఈ సంగతి తెలిసి తోడికోడలు ఏడ్చిందా అని ఆశగా అడిగింది. దయచేసి పైకి అనొద్దని ఎర్రకలం బతిమాలుకున్నాడు.

చిన్నకోడలి సంబరం ఇంకా ఘనం. కుర్చీలో బాసింపట్టు వేసుకుని చదువుతూ, మధ్యమధ్య నచ్చిన చోటల్లా బల్ల మీద చరిచింది.

“అక్కయ్య వాసన తగిలితే ఒట్టు. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఆవిడకి చూపించారా?”

“ఆవిడ మొహం చూడలేకపోయాను మేడమ్.”

ఆమెకి కడుపు నిండిపోయింది. సంతకం గీకి, ఎన్నడూ లేనిది టీ కూడా తెప్పించింది.

ఎర్రకలం తన గదికొచ్చి తలుపు గడియ పెట్టాడు. బావమరిది మొహం తలుచుకుని కాసేపు నవ్వుకున్నాడు. కుట్లు విప్పుదామని పెద్దకోడలు సంతకం చేసిన పుస్తకం తెరిచి, మొదటి నియమం చదివి కళ్ళు నులుముకున్నాడు. గబగబా రెండోది తెరిచి కుర్చీలో కూలబడ్డాడు.

ఒకరి పుస్తకం ఇంకొకరికి ఇచ్చేశాడు.