పాడె మీద పనితనం

“నువ్వు చేసే పనేంటి?” అని అడిగాడు లేబరాఫీసరు సూర్యప్రకాశరావు.

“సచ్చుడు సార్,” అన్నాడు ఓదెలు.

షూటింగ్ ఫ్లోరులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఓదెలు మాత్రం నవ్వలేదు. షేక్‌పేట నుంచి ఫిల్మ్ నగర్ స్టూడియోకి నడిచొచ్చి, పగలంతా పాడె మీద శవమై పడుకుని, పొద్దుగూకాక లేచి ఇంటికెళ్లడమే అతని బతుకు. ఇన్నాళ్లకి సర్కారు కనీస వేతనాలు సవరించి, సినిమా కూలీలనూ అందులో కలిపింది. పనితనం ఉన్నవాళ్లకో రేటు, లేనివాళ్లకి అందులో సగం. తనను పనిమంతుల్లో చేర్చమని ఓదెలు చెప్పులరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగితే, తేల్చడానికి ఈయన ఇవాళ దయచేశాడు. ఈయన సంతకం పెట్టి జీపెక్కాడంటే ఇక అంతే సంగతులు.

“పడుకోవడానికి పనితనమేంటండీ, నా శ్రాద్ధం!” అని విసుక్కున్నాడు ప్రొడక్షన్ మేనేజరు వెంకటాచలం. పొద్దుటి నుంచీ ఎడమ భుజం నొక్కుకుంటూ, సోడా మీద సోడా తాగుతున్నాడు. గ్యాసు పట్టేసిందట. అదీ ఓదెలు పెట్టిన ఈ పితలాటకం వల్లే పట్టిందట.

ఓదెలు మొత్తుకున్నాడు. కర్పూరం పొగ కళ్లలోకే వస్తుందన్నాడు. హీరోగారి కన్నీళ్లు గురి చూసినట్టు చెవిలోకే కారతాయన్నాడు. ఓసారి ఆపుకున్న తుమ్ము మూడోనాడు ఇంట్లో బయటికొచ్చి, కప్పు మీది పెంకులు లేచిపోయాయన్నాడు. ఇంకోసారి సద్ది తెచ్చిన భార్య మల్లమ్మ, పాడె మీద మొగుణ్ణి చూసి నిజమే అనుకుని గుండెలు బాదుకుంటే, డైరెక్టరు ఆ ఏడుపునీ సినిమాలో పెట్టేసుకున్నాడు. పెళ్లాం అంత గోలపెట్టినా ఓదెలు రెప్ప కదిలిస్తే ఒట్టు. ఆ ఏడుపుకి మల్లమ్మకి పైసా ముట్టలేదు, అది వేరే గొడవ.

“నేర్వకుండ, పానమున్న మనిషెవ్వడు గట్ల పండుకోలేడు సార్. ఎవరినన్న పండబెట్టి చూడుండ్రి.”

“ఎవరో ఎందుకు? నేనే పడుకుంటా,” అని వెంకటాచలం చెమట తుడుచుకుంటూ పాడె ఎక్కాడు.

ఓదెలు ప్రాణం లేచొచ్చింది. నిలకడగా నిమిషం కూర్చోలేని మనిషి ఏం పడుకుంటాడు? తనే దండ వేసి, నుదుట రూపాయి బిళ్ల పెట్టాడు. బిళ్ల జారితే మేనేజరు ఓడినట్టే.

లైట్లు వెలిగాయి. కర్పూరం మండింది. ఈగ వచ్చి వెంకటాచలం మీసం మీద వాలి, పెదవి మీద తీరిగ్గా షికారు చేసి పోయింది. మొదట్లో ఓసారి సన్నగా మూలిగినట్టయింది గానీ, ఆ తర్వాత చడీ చప్పుడూ లేదు. ఓదెలు ఆయన చెవిలో గ్లిజరిన్ చుక్కలు వేశాడు. ఉక్రోషం పట్టలేక చీపురుపుల్లతో అరికాలు గీరాడు. బిళ్ల బిళ్లలాగే ఉంది. లైట్‌బాయ్‌లు చప్పట్లు కొట్టారు.

“చూశావుగా ఓదెలూ. మొదటిసారికే నీకంటే బాగా పడుకున్నాడు,” అన్నాడు సూర్యప్రకాశరావు. పనితనం అక్కర్లేని పని అని రాసి, సంతకం పెట్టి, జీపెక్కి వెళ్లిపోయాడు.

అందరూ భోజనాలకి పోయారు. ఓదెలు పాడె పక్కన చతికిలబడ్డాడు. ఇన్నేళ్లు చచ్చీ చచ్చీ నేర్చుకున్న విద్యని, గ్యాసు పట్టిన మేనేజరొకడు ఒక్క పూటలో మంటగలిపాడు. ఓడిపోవడం ఒకెత్తు, ఈయన ఇంకా లేవకుండా ఎగతాళి చెయ్యడం ఒకెత్తు.

“ఇగ లేవుండ్రి సార్. గెలిసిండ్రు గదా,” అంటూ బిళ్ల తీశాడు.

భుజం పట్టి కుదిపాడు. ఓదెలు వంగి చూశాడు.

ముక్కు కింద పెట్టిన వేలికి ఊపిరి తగల్లేదు.