ఈసారి నయెలి పుట్టినరోజు

"మదర్, ఇవాళ నిజంగానే నా పుట్టినరోజు," అంది ఒడిలియా, కేకు మీద కొవ్వొత్తులు గుచ్చుతూ.

"నిజమేనే తల్లీ. కానీ వచ్చే దాతలు ఐదేళ్ళ పాపకి చెయ్యాలన్నారు. అందుకే ఇవాళ నయెలిది. నీకు ఈ ఏడు నాలుగుసార్లు చేశాంగా!" అంది మదర్ బెనిటా.

"నాలుగుసార్లూ తొమ్మిదే నిండాయి. ఇవాళ పది."

"ష్! కారొచ్చింది. నవ్వు."

కొబాన్‌లోని ఆ పిల్లల హోమ్‌లో ముప్ఫై ఏళ్ళుగా దాతలొచ్చిన రోజే ఎవరో ఒకరి పుట్టినరోజు. అందరూ పాట పాడారు. నయెలి కొవ్వొత్తులు ఊదింది. ఒడిలియా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

దాతగారి భార్యకి ముచ్చటేసింది. "నీ పుట్టినరోజు ఎప్పుడమ్మా?"

కేకు కోస్తున్న మదర్ చెయ్యి ఆగింది. ఒడిలియా ఆమె వైపోసారి చూసింది.

"మీరు మళ్ళీ ఎప్పుడొస్తే అప్పుడే, సెన్యోరా."