తర్వాతి ఓటు

"చెయ్యెత్తు బావా! లేకపోతే నిన్నూ మీ అన్నయ్యనూ ఒకే గాటన కట్టేస్తారు," వేరే లాడ్జి నుంచి వచ్చిన బావమరిది డాక్టరు చెవిలో గొణిగాడు.

ఫ్రీమేసన్ల సంఘంలో శాఖల్ని లాడ్జిలంటారు; వాటన్నిటి ప్రధాన సభ తలుపులు మూసి ఉన్నాయి. దైవప్రమాణం లేకుండా సభ్యుల్ని చేర్చుకున్నాడని, డాక్టరు అన్నయ్య నడిపే లాడ్జికి గుర్తింపు తీసెయ్యడానికి ఓటింగ్ జరుగుతోంది.

డాక్టరు తల దించుకుని చెయ్యెత్తాడు.

ఎదురుగా నిలబడిన అన్నయ్య కోప్పడలేదు. "ఒరేయ్, మీ లాడ్జిని పెట్టిందెవర్రా?" అన్నాడు జాలిగా.

"మీ లాడ్జే కదన్నయ్యా..." అన్నాడు డాక్టరు.

"చెల్లని లాడ్జి పెట్టిన లాడ్జీ చెల్లదు. తర్వాతి ఓటు దాని మీదే," అన్నాడు అధ్యక్షుడు మెత్తగా. "డాక్టరుగారూ, మీరూ వెళ్ళి మీ అన్నయ్య పక్కన నిలబడండి."

డాక్టరు ఆశగా పక్కకి తిరిగాడు. బావమరిది అప్పటికే కుర్చీ దూరంగా జరుపుకున్నాడు.