నడక మానే ప్రయోగం

“వారం రోజులు నడక మానేస్తాను. అప్పుడు తేలుతుంది,” అన్నారు మాస్టారు, ఆసుపత్రి వరండాలోని బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ.

ఆయన భార్య ఒళ్ళోంచి చేతిసంచి జారబోయింది. “ఏం తేలుతుందండీ?”

“నాకు గుణమిచ్చింది నడకా, కాదా అని.”

“నిద్ర పడుతోంది. కోపం తగ్గింది. మొన్న గిన్నె మీద మూత వంకరగా పెట్టినా మీరు నోరు మెదపలేదు. ఇంకేం తేలాలి?”

“ఎండలూ అప్పుడే తగ్గాయి. మోకాలి నొప్పీ అప్పుడే తగ్గింది. ఇన్ని మారినప్పుడు ఘనతంతా నడకకే కట్టబెడితే అది శాస్త్రం కాదు, సోది.”

మాస్టారు కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు. మనసుకు వైద్యమన్న మాట మీద ఆయనకు పెద్దగా గురి లేదు. థర్మామీటరుకు అందని జ్వరాన్ని తాను నమ్మనంటారు. అందుకే కిందటిసారి ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది; ఆయన ఈ బల్ల మీదే వార్తాపత్రికలో తప్పులు వెతుకుతూ ఉండిపోయారు. “రోజూ సాయంత్రం మీరు ఓ గంట బయట తిరిగి రావాలట, డాక్టరు గారు చెప్పారు,” అని ఆమె బయటికి వచ్చి అన్నప్పుడు గొణిగారు. అయినా వెళ్ళారు. పార్కులో చదరంగం ఆడే ఒక రిటైర్డు రైలు గార్డు జత కలిశాడు. ఆటలో ఓడి కూడా ఈల వేసుకుంటూ ఇంటికి రావడం మాస్టారికే వింతగా ఉండేది.

“నడవకపోతే ఆ గంటసేపూ ఏం చేస్తారు?” అడిగింది ఆమె, సంచి దగ్గరికి లాక్కుంటూ.

“నీతోనే ఉంటాను. వంటింట్లో సాయం చేస్తాను. నువ్వు కూరగాయలు తరిగే పద్ధతిలో చాలా శ్రమ వృథా అవుతోంది. గమనించాను.”

“నిక్షేపంలా ఉన్న ఒంటి మీద ప్రయోగాలేమిటండీ? కొరివితో తల గోక్కోవడం కాకపోతే.”

“అలా భయపడి ఉంటే మనిషి ఇంకా గుహలోనే ఉండేవాడు.”

లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఈసారి మాస్టారే ముందు నడిచారు. డాక్టరు గారికి ఎదురుగా కూర్చుని, పాఠం మొదలుపెట్టినంత శ్రద్ధగా వాదం వినిపించారు: నడక ఆపినప్పుడు కోపం తిరిగి వస్తే నడకే మందు, రాకపోతే ఇన్నాళ్ళూ చెప్పులు అరగదీసుకున్నట్టే. డాక్టరు గారు అడ్డు చెప్పకుండా విన్నారు. ఆయన కుర్చీ వెనక నిలబడిన భార్య మాత్రం వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

“మీ తర్కంలో లోపం లేదు మాస్టారూ,” అన్నారు డాక్టరు గారు. “ఆపి చూస్తేనే మందు బలం తెలుస్తుంది. కాకపోతే ఆపే ముందు రోగి ఒప్పుకోవాలి.”

“ఒప్పుకుంటున్నాను. సంతకం పెట్టమన్నా పెడతాను.”

డాక్టరు గారు ఆయన భుజం మీదుగా వెనక్కి చూసి నవ్వారు.

“ఏమ్మా, మీరేమంటారు? ఇంట్లో మీకు గంటసేపు ప్రశాంతత కావాలని నేను రాసిన వైద్యం ఆపేద్దామా, ఇంకో అరగంట పెంచమంటారా?”