లోపలికి రాకూడనివాళ్ళు

సినిమావాళ్ళంటే డాక్టర్ శారదాదేవికి ఒళ్ళుమంట. జూబ్లీహిల్స్‌లో పిల్లల ఆస్పత్రి పెట్టాక వాళ్ళు రాకుండా ఎలా ఉంటారు? పిల్లాడు తుమ్మితే చాలు, కారు వేసుకుని దిగుతారు. వెనకాల మందీ మార్బలం. తెర మీద ఏడుపులు అమ్ముకు బతికేవాళ్ళకి నిజం ఏడుపు వస్తుందా అని ఆవిడ నర్సుల దగ్గర తీసిపారేస్తూ ఉండేది.

ఈసారి వచ్చినవాడు నిర్మాత వీరరాఘవయ్య. నెల నిండని పసివాణ్ణి తన కాంటెస్సా కారులో, తన చేతుల మీదే తెచ్చాడు. పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది. పాలు తాగడం మానేశాడు. ఏడ్చే ఓపిక కూడా లేదు. వెంటనే గాజుపెట్టెలో పడుకోబెట్టారు.

ఇదివరకు మందులేమైనా వాడారా అని అడిగింది శారదాదేవి. మా డాక్టరు పెద్ద సూదే వేశాడన్నాడాయన. తెల్లారేసరికి పిల్లాడు హుషారయ్యాడట, ఆపేశారట. మళ్ళీ జ్వరం వస్తే ఇంకా పెద్దది వేయించారట. అదీ ఒక్క పూటేనట.

"దెబ్బతిన్న పాముని వదిలేసినట్టు వదిలారు. ఇప్పుడా క్రిమి ఏ మందుకీ లొంగకపోతే ఎవరిదండీ తప్పు?"

ఫిల్మ్‌నగర్ అంతా దణ్ణాలు పెట్టే మనిషి తల దించుకున్నాడు. ఆవిడ కొంచెం మెత్తబడింది. తల్లి ఏదని అడిగితే, ఏదున్నా తనతోనే చెప్పమన్నాడు. ఏ హీరోయిన్ కోడలో అయివుంటుంది, బిడ్డ చావుబతుకుల్లో ఉన్నా మేకప్ చెరగనివ్వదు కాబోలు అనుకుందావిడ.

సూది పెట్టడానికి తలలో నరం తేలిగ్గా దొరుకుతుంది, కాస్త జుట్టు గొరగాలంది. ఆయన చేతులు జోడించాడు.

"జుట్టు మాత్రం తియ్యకండి డాక్టరుగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

పుట్టువెంట్రుకల మొక్కు అన్నమాట. ఇంతటివాడికీ దేవుడి భయం ఉందని ఆవిడకి ముచ్చటేసింది. ఆ చిట్టి పాదంలో నరం కోసం చాలాసేపు తడుముకుంది.

ఆయన పూటపూటా వచ్చేవాడు. మోచేతుల దాకా కడుక్కుని, గౌను తొడుక్కుని, గాజుపెట్టె దగ్గర నిలబడేవాడు. ముఖం వాడిపోయిందండీ, మళ్ళీ ఎప్పటిలా అవుతాడా అని బతిమాలుతున్నట్టు అడిగేవాడు. ల్యాబ్‌లో ఒక్కో మందూ ఆ క్రిమి మీద వేసి చూశారు. ఏ మందుకీ చావలేదు. ఆయన మద్రాసు నుంచి విమానంలో కొత్త మందు తెప్పించాడు. కన్నతండ్రి కూడా ఇంత చేయడని నర్సులు ముక్కున వేలేసుకున్నారు.

చిరాకంతా వాళ్ళ పనిమనిషితోనే. పేరు భూలక్ష్మి. పిల్లాడితోపాటే కారులో వచ్చింది. మాసిన చీర, రేగిన జుట్టు. వార్డు గుమ్మం పక్కన నేల మీద చతికిలబడి, తలుపు తెరిచినప్పుడల్లా మెడ చాపి లోపలికి చూసేది. నిర్మాతగారి మేనేజరు చలపతిరావు దాన్ని ఓ కంట కనిపెడుతూ ఉండేవాడు.

ఒకనాడు నర్సు వెనకే లోపలికి జొరబడింది. శారదాదేవి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"జర ఒక్కసారి ముట్టుకోనియ్యున్రి డాక్టరమ్మా. నా చేతులల్ల అయితే పండుకుంటడు."

"నీ చేతులు ఎప్పుడైనా చూసుకున్నావా? మీలాంటివాళ్ళు తెచ్చిపెట్టేవే ఈ రోగాలన్నీ. అయినవాళ్ళకే లోపలికి దారి. నువ్వెవరివి?"

భూలక్ష్మి నోరు తెరిచింది. చలపతిరావు దగ్గాడు. నోరు మూసుకుంది. చేతులు కొంగులో దాచుకుని, ఆ కొంగుని గుండెకి అదుముకుని, వెళ్ళి గోడవారన కూచుంది. జీతానికున్నవాళ్ళకి కూడా ఈ నటనలు వంటబట్టాయి చూడు అంది శారదాదేవి, నర్సుతో.

మద్రాసు మందూ పనిచేయలేదు.

ఆ మధ్యాహ్నం వీరరాఘవయ్యని వరండాలోకి పిలిచి, ఇక తన చేతుల్లో ఏమీ లేదని, సాయంత్రం దాకా కష్టమని చెప్పింది. ఇలాంటివాళ్ళనా తను అన్నేసి మాటలన్నది అని ఆవిడకి సిగ్గేసింది.

ఆయన మేనేజర్ని దగ్గరికి రమ్మన్నాడు.

"భూలక్ష్మికి దాని కొడుకు దక్కడని నువ్వే చెప్పేసెయ్ చలపతీ, రేపు పొద్దునకల్లా కృష్ణానగర్‌లో ఇదే పోలికలున్న పసివాణ్ణి ఇంకొకణ్ణి కిరాయికి పట్టుకురా, ఉయ్యాల సీనులో ఇంకా రెండు షాట్లు మిగిలాయి."