ఏడుపు సీను

"పద అమ్మా, తల పగిలిపోతోంది. ఇంటికి పోదాం."

తెర వెలుగులో పెర్సీ పెదవులు చదివి ఎలెన్ తల అడ్డంగా ఊపింది. "నోర్మూసుకుని కూర్చో. టికెట్లు కొన్నది నేను."

జ్వరంలో చెవులు పోయినప్పటి నుంచి తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

పెర్సీని ఆమె ఏ బొమ్మో చెప్పకుండా లాక్కొచ్చింది. తీరా చూస్తే తను నటించినదే! రాబోయేది ఏడుపు సీను. ఆ రోజు షూటింగులో కన్నీళ్లు రాక మనసులో ఉన్నదే పైకి అనేశాడు. మాటలు వినపడని బొమ్మ, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

తెరమీద అతను చచ్చిన స్నేహితుడి పక్కన మోకరిల్లాడు. "నన్నొదిలి పోయావా నేస్తమా!" అని అక్షరాలు పడ్డాయి.

పెదవులు అన్నది వేరు. "తమ్ముడా, ఆర్చీ! ముత్యాల కోసం బ్రూమ్ రేవుకి పోయి ఆ సముద్రంలోనే ఉండిపోయావు. అమ్మకి నేనెలా చెప్పేదిరా?"

హాలంతా ముక్కులు చీదుతోంది. ఎలెన్ కొడుకు చేతిని ఒళ్లోకి లాక్కుంది.

"అమ్మా... నీ గుండె తట్టుకోదని దాచాను."

"నా గుండె నిన్న మధ్యాహ్నమే పగిలిందిరా, ఈ కుర్చీలోనే," అంది ఎలెన్, హాలు మొత్తానికీ వినపడేలా. "ఆ తెరమీద నువ్వొక్కడివే ఏడుస్తున్నావని ఇవాళ నిన్ను వెంటబెట్టుకొచ్చాను."